మేలుకు మనసు కట్టే వెల

ఎండలు ముదిరేసరికి మన ఊళ్ళలో కూడళ్ళ దగ్గర చలివేంద్రాలు వెలుస్తాయి. తాటాకు పందిరి, ఇసుకలో కుదురుగా నిలబెట్టిన మట్టి కుండలు, వాటికి చుట్టిన తడిగుడ్డ, పక్కనే నాలుగు స్టీలు గ్లాసులు. కొన్నిచోట్ల ఉప్పూ కరివేపాకూ నిమ్మరసమూ కలిపిన పల్చటి మజ్జిగ కూడా పోస్తారు. ఆటో ఆపుకున్న డ్రైవరు, బస్సు దిగిన పెద్దావిడ, మూటలు మోసి అలసిన హమాలీ వచ్చి, తాగి, మూతి తుడుచుకుని వెళ్ళిపోతారు. పోసినవారి పేరు తాగినవారికి తెలియదు. తాగినవారి ఊరు పోసినవారు అడగరు. ఆ ఇద్దరూ మళ్ళీ ఎదురుపడకపోవచ్చు.

ఆ గ్లాసు నీళ్ళ విలువ ఎంత? పోసినాయన్ని అడిగితే 'ఏముందండీ, నీళ్ళే కదా' అంటాడు. మర్యాద కోసం అనే మాట కాదది. నిజంగానే అలా అనుకుంటాడు. గత ఇరవై ఏళ్ళలో మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలను చూస్తే, మనిషి మనసు లెక్క తప్పేది సరిగ్గా ఇక్కడేనని తెలుస్తుంది. చేసిన చిన్న మేలుకైనా, చెప్పిన మంచి మాటకైనా, కొత్తవారితో కలిపిన నాలుగు ముక్కలకైనా మనం కట్టే వెల, అవతలివారికి అందిన దానికన్నా తక్కువగా ఉంటుంది. ఈ తేడాను కొలవవచ్చు. కారణాలు వెతకవచ్చు. కారణాలు తెలిశాక సరిదిద్దుకోవచ్చు కూడా.

షికాగో చలిలో ఒక కప్పు

మన చలివేంద్రానికి పూర్తి భిన్నమైన వాతావరణంలో జరిగిన ప్రయోగంతో మొదలుపెడదాం. అమెరికాలోని షికాగో నగరంలో మ్యాగీ డేలీ పార్కు ఉంది. చలికాలంలో జనం అక్కడ మంచు మీద స్కేటింగ్ చేస్తారు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు అక్కడికి వచ్చిన 84 మందికి తలా ఒక కప్పు వేడి చాక్లెట్ పానీయం ఇవ్వజూపారు. 'మీరే తాగవచ్చు, లేదంటే ఇక్కడున్న ముక్కూమొహం తెలియని వారెవరికైనా ఇవ్వవచ్చు' అన్నారు. 75 మంది ఇవ్వడానికే మొగ్గారు.

ఇచ్చినవారిని ఒక ప్రశ్న అడిగారు. పుచ్చుకున్న మనిషికి ఎంత సంతోషం కలిగి ఉంటుంది? సున్నా అంటే ఎప్పటిలాగే, 5 అంటే ఎప్పటికన్నా ఎంతో హుషారుగా. ఇచ్చినవారి అంచనా సగటున 2.7. అదే ప్రశ్న పుచ్చుకున్నవారిని అడిగితే వచ్చిన జవాబు 3.5. ఈ ఫలితాలు 2022లో ప్రచురితమయ్యాయి.

ఎందుకీ తేడా? దానికీ ఆ పరిశోధకులే మరో ప్రయోగం చేశారు. ఈసారి కప్పుకేకులు. కొందరికి ప్రయోగంలో పాల్గొన్నందుకు కేకు ఇచ్చారు. మరికొందరికి అదే కేకును ఎవరో తెలియని మనిషి తన వంతు వదులుకుని ఇచ్చినట్లు తెలిపారు. వస్తువు ఒకటే. కానీ ఒక మనిషి దయగా ఇచ్చాడని తెలిసినవారి సంతోషం ఎక్కువగా ఉంది. ఇచ్చేవారు మాత్రం ఈ తేడాను ముందుగా ఊహించలేకపోయారు. వారి దృష్టి కేకు మీద ఉంది, తీసుకున్నవారి దృష్టి ఆప్యాయత మీద ఉంది. చలివేంద్రం దగ్గర జరిగేదీ ఇదే. పోసేవారు నీళ్ళను లెక్కపెడతారు. తాగేవారికి నీళ్ళతో పాటు, తనెవరో తెలియకపోయినా తన దాహం గురించి ఆలోచించిన మనిషి ఒకరున్నారన్న భరోసా కూడా అందుతుంది.

ఈ తప్పు అంచనా వల్ల నష్టం ఉంది. 'ఇంత చిన్నదానికి ఏం తెలుస్తుందిలే' అనుకుని మనం చేయగలిగిన మేలు చాలావరకు చేయకుండానే వదిలేస్తాం. అదే పరిశోధనల్లో ఇంకో సంగతి కూడా బయటపడింది. దయగా ఇచ్చిన కానుక అందుకున్నవారు, ఆ తర్వాత తెలియని మరో మనిషితో డబ్బు పంచుకోవలసి వచ్చినప్పుడు, మిగతావారికన్నా ఉదారంగా పంచారు. అంటే మనం మానుకున్న ప్రతి చిన్న మేలుతోనూ దాని వెనక రావలసిన మరొకటి కూడా ఆగిపోతోంది.

ఇంట్లో మాయమయ్యే మేలు

కొత్తవారు చేసిన మేలు కనీసం కంటికి కనిపిస్తుంది. ఇంట్లోవారు చేసేది రోజూ కళ్ళముందే ఉండి కనిపించకుండా పోతుంది. అగరొత్తి వెలిగించిన గదిలోకి అడుగుపెట్టగానే గుప్పుమనే వాసన కాసేపటికి ముక్కుకు తెలియకుండా పోతుంది. వాసన తగ్గదు, ముక్కు అలవాటు పడుతుంది. సుఖం విషయంలో మనసుదీ అదే తీరు. 1971లో ఫిలిప్ బ్రిక్‌మన్, డోనల్డ్ క్యాంప్‌బెల్ ఈ అలవాటు గురించి సిద్ధాంతం చేశారు. 1978లో బ్రిక్‌మన్ బృందం లాటరీలో పెద్ద మొత్తాలు గెలిచిన 22 మందిని పలకరించింది. వారు ఇతరులకన్నా చెప్పుకోదగినంత ఆనందంగా ఏమీ లేరు. పైగా స్నేహితుడితో కబుర్లు, ఉదయపు ఫలహారం వంటి మామూలు సంగతుల్లో వారికి దొరికే సంతోషం తక్కువగా ఉంది.

లాటరీకే అలవాటు పడే మనసు, పొద్దున్నే చేతికందే కాఫీకి అలవాటు పడదా? ఉతికి మడతపెట్టిన బట్టలు, బిగించి పెట్టిన టిఫిన్ డబ్బా, నెలాఖరుకు కట్టి ఉండే కరెంటు బిల్లు, జ్వరం వచ్చిన రాత్రి నుదుటి మీద మారుతూ ఉండే తడిగుడ్డ. ఇవన్నీ ఒక్కరోజు ఆగిపోతే తప్ప మన లెక్కలోకి రావు. దీనికి తోడు చెడు మంచికన్నా గట్టిగా తాకుతుంది. రాయ్ బామైస్టర్ బృందం 2001లో ఎన్నో రకాల పరిశోధనలను ఒకచోట చేర్చి ఈ సంగతి చూపించింది. అమ్మ పదేళ్ళు చేసిన వంట గుర్తుండదు, పప్పులో ఉప్పెక్కువైన పూట గుర్తుంటుంది.

అలవాటు కప్పేసిన దాన్ని మళ్ళీ చూడటం ఎలా? 2008లో మింక్యుంగ్ కూ, సారా ఆల్గో, టిమతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ ఒక ప్రయోగం చేశారు. జీవిత భాగస్వామి ఉన్నవారిలో కొందరిని తాము ఎలా కలిశామో రాయమన్నారు. మరికొందరిని అసలు కలవకుండా పోవడానికి ఎన్ని అవకాశాలు ఉన్నాయో రాయమన్నారు. కలిసిన కథ రాసినవారికన్నా, కలవని కథ ఊహించినవారికే తమ బంధం మీద తృప్తి ఎక్కువగా పెరిగింది. 'ఆ రోజు ఆ పెళ్ళికి మేనత్త నన్ను తీసుకెళ్ళకపోయి ఉంటే' అని ఆలోచించి చూడండి. చేతిలో ఉన్నదాన్ని లెక్కపెట్టినప్పుడు దొరకని విలువ, అది లేని జీవితాన్ని ఒక్క నిమిషం ఊహించినప్పుడు దొరుకుతుంది.

రాసుకుంటే ఏమవుతుంది?

కృతజ్ఞతను ప్రయోగశాలలో పరీక్షించిన తొలితరం పరిశోధనల్లో పేరున్నది 2003 నాటిది. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఎమ్మన్స్, మయామి విశ్వవిద్యాలయంలో మైకేల్ మెకల్లో దాన్ని చేశారు. విద్యార్థులను మూడు జట్లు చేసి, పది వారాల పాటు వారానికోసారి రాయించారు. మొదటి జట్టు ఆ వారం తమకు జరిగిన మేళ్ళు, రెండో జట్టు చిరాకు పెట్టిన విషయాలు, మూడో జట్టు మామూలు సంఘటనలు రాశాయి. మేళ్ళు రాసినవారు తమ జీవితం గురించి మెరుగ్గా భావించారు, రాబోయే వారం మీద ఎక్కువ ఆశతో ఉన్నారు, వ్యాయామం కూడా ఎక్కువసేపు చేశారు. నరాలు, కండరాలకు సంబంధించిన జబ్బులతో బాధపడుతున్నవారితో 21 రోజుల పాటు రోజూ రాయించినప్పుడు, వారి నిద్ర కూడా మెరుగుపడింది.

ఈ ఫలితాలు ప్రపంచమంతా పాకాయి. పుస్తకాలు వచ్చాయి, కృతజ్ఞత డైరీలు దుకాణాల్లోకి వచ్చాయి. తర్వాత వచ్చిన పరిశోధనలు ఈ ఉత్సాహానికి హద్దులు గీశాయి. అనేక ప్రయోగాలను కలిపి 2016లోనూ 2021లోనూ జరిపిన సమగ్ర విశ్లేషణలు, ఇలా రాసుకోవడం వల్ల కలిగే మేలు నిజమే కానీ కొద్దిపాటిదని తేల్చాయి. దిగులు, ఆందోళన జబ్బుగా మారినవారికి ఇది చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. వారికి వైద్యుడి సాయం కావాలి. సోన్యా ల్యుబొమిర్స్కీ బృందం మరో విషయం గమనించింది. వారానికి ఒకసారి రాసినవారికి మేలు కలిగింది, మూడుసార్లు రాసినవారికి కలగలేదు. రాయడం కూడా అలవాటైపోతే మనసు దాన్నీ పట్టించుకోదు.

నాకు ఇందులో కనిపించే సంగతి ఇది. కృతజ్ఞత ఒక్కరే కూర్చుని డైరీలో నింపుకోవడంతో ముగిసే అనుభూతి కాదు. రాసినవాటిని ఒకసారి తిరగేసి చూడండి. అక్కడ దాదాపు ప్రతి మేలు వెనకా ఒక మనిషి ఉంటారు. ఆ మనిషి వైపు మనసు తిరిగినప్పుడే దాని అసలు పని మొదలవుతుంది.

థాంక్స్ చెప్పని ఇళ్ళు

మన ఇళ్ళలో కూర వడ్డించిన వదినకు, బజారు నుంచి మందులు తెచ్చిన కొడుక్కి ఎవరూ థాంక్స్ చెప్పరు. చెబితే 'పరాయివాళ్ళకు చెప్పినట్టు చెబుతున్నావేంటి' అంటారు. ఇది మన మొరటుతనమేమో అని నొచ్చుకోనక్కరలేదు. 2018లో సిమియన్ ఫ్లాయిడ్, ఆయన సహచరులు అయిదు ఖండాల్లో ఎనిమిది భాషలు మాట్లాడే ఇళ్ళలో, వాడల్లో రోజువారీ సంభాషణలను వీడియో తీసి పరిశీలించారు. ఉప్పు అందించమనడం, తలుపు తీయమనడం లాంటి చిన్న సాయాలు ఇంట్లో నిమిషనిమిషానికీ జరుగుతూనే ఉన్నాయి. సాయం అందినప్పుడు ధన్యవాదం చెప్పింది సుమారు ఇరవైలో ఒకసారి మాత్రమే. ఇంగ్లిషు, ఇటాలియన్ భాషల్లో అది కొంచెం ఎక్కువ, అంతే. దగ్గరివారి మధ్య సాయం అడగడం, చేయడం ఊపిరి తీసుకున్నంత సహజమని అన్ని సమాజాలూ అనుకుంటాయి.

మానవ శాస్త్రవేత్త అర్జున్ అప్పాదురై 1985లో తమిళ సమాజాన్ని గమనించి దక్షిణ భారతంలో కృతజ్ఞత గురించి రాశారు. ఇక్కడ అది మాటలో కన్నా నడతలో, తిరిగి చేసే పనిలో వ్యక్తమవుతుందని ఆయన చెప్పిన తీరు మనకూ వర్తిస్తుంది. గట్టి పరీక్షకు ముందు తాతయ్య కాళ్ళకు దండం పెట్టడం, తొలి జీతంతో అమ్మకు చీర కొనడం, కనుమ నాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులద్ది, పసుపు కుంకుమలు పెట్టడం. మాట లేకుండానే ఎంతో చెప్పే పద్ధతులివి. 2013లో క్రిస్టిన్ లేయస్ బృందం అమెరికా, దక్షిణ కొరియా విద్యార్థులను పోల్చి చూసింది. కృతజ్ఞత లేఖలు రాయడం వల్ల అమెరికన్లకు కలిగినంత మేలు కొరియన్లకు కలగలేదు. ఇతరులకు చిన్న సాయాలు చేయడం మాత్రం ఇద్దరికీ మేలు చేసింది. అందుకే పడమటి దేశాల పద్ధతిని యథాతథంగా తెచ్చి మన ఇంట్లో అమలు చేయాలనుకోవడం పొరపాటు.

అయితే మాట అక్కరలేదన్నంత మాత్రాన గమనించడం కూడా అక్కరలేదని కాదు. కుటుంబ బంధాలను ఎన్నో ఏళ్ళుగా పరిశీలిస్తున్న సారా ఆల్గో పరిశోధనలు ఇక్కడ ఉపయోగపడతాయి. 2010లో ఆమె బృందం జంటలను రోజూ పలకరించి చూసింది. భాగస్వామి చేసిన చిన్న పనిని గమనించి మనసులో కృతజ్ఞత కలిగిన రోజు తర్వాతి రోజున, బంధం మీద తృప్తి పెరిగినట్లు కనిపించింది. 2016లో మరో అధ్యయనంలో ఆమె కృతజ్ఞత తెలిపే పద్ధతులను పోల్చారు. 'నాకు శ్రమ తప్పింది' అని తన లాభం చెప్పడం ఒక పద్ధతి. 'నువ్వు అలిసిపోయి వచ్చి కూడా ఈ పని చేశావు' అని ఎదుటివారి గుణాన్ని గుర్తించడం రెండో పద్ధతి. విన్నవారి మనసును ఎక్కువగా తాకింది రెండోదే. ఇందులో థాంక్స్ అన్న మాట రానక్కరలేదు. 'అత్తయ్యా, ఇంత ఎండలో నా కోసం మామిడికాయలు వెతికి తెచ్చారే' అంటే చాలు. ఆమె చేసిన పనిని ఒకరు చూశారన్నది ఆమెకు తెలుస్తుంది.

బస్సులో పక్క సీటు

ఇల్లు దాటితే కొత్తవారి లోకం. ఇక్కడా మన అంచనాలు తప్పుతూనే ఉంటాయి. 2014లో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ షికాగోలో రోజూ రైళ్ళలో, బస్సుల్లో తిరిగేవారితో ప్రయోగం చేశారు. కొందరిని పక్కనున్న కొత్తవారితో మాట కలపమన్నారు, కొందరిని మౌనంగా కూర్చోమన్నారు, కొందరిని ఎప్పటిలాగే వెళ్ళమన్నారు. మాట కలిపితే ప్రయాణం విసుగ్గా ఉంటుందని జనం ముందుగా ఊహించారు. ప్రయాణం ఎక్కువ హాయిగా గడిచిందని చెప్పింది మాట కలిపినవారే. అదే ఏడాది జిలియన్ శాండ్‌స్ట్రమ్, ఎలిజబెత్ డన్ ఒక కాఫీ దుకాణంలో మరో ప్రయోగం చేశారు. కాఫీ ఇచ్చే మనిషిని చూసి నవ్వి, రెండు ముక్కలు మాట్లాడినవారు, పని ముగించుకుని చకచకా వచ్చేసినవారికన్నా సంతోషంగా, తామూ నలుగురిలో ఒకరమన్న భావంతో బయటికి వచ్చారు.

మాట్లాడాక కూడా అంచనా తప్పుతుంది. 2018లో ఎరికా బూత్‌బీ, గస్ కూనీ తదితరులు చూపించినది ఇదే. ఇద్దరు కొత్తవారు మాట్లాడుకుని లేచాక, తాను ఎదుటివారికి నచ్చిన దానికన్నా తక్కువగా నచ్చానని ఇద్దరూ అనుకుంటారు. తన మాటల్లోని తడబాట్లే తనకు గుర్తుంటాయి. ఎదుటివారికి గుర్తుండేది కలిసి గడిపిన వేళ.

పల్లె వెలుగు బస్సులో పక్క సీటు పెద్దాయన 'ఏ ఊరు బాబూ' అని మొదలుపెట్టి, దిగేలోపు ఏదో ఒక చుట్టరికం తేల్చే అలవాటు మనకు ఉండేది. ఇప్పుడు మెట్రోలో, బస్సులో చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో తెర. కాలం మారిందని నిట్టూర్చడం నా ఉద్దేశం కాదు. అలసిన మనిషికి మౌనం కూడా అవసరమే. ఎదుటివారి ఇష్టాన్ని, ముఖ్యంగా ఒంటరిగా ప్రయాణించే ఆడవారి ఇష్టాన్ని గౌరవించి తీరాలి. కానీ టికెట్ ఇచ్చిన కండక్టరుకు, పార్సిల్ తెచ్చిన కుర్రాడికి, లిఫ్ట్ దగ్గర కూర్చునే వాచ్‌మన్‌కు ఒక పలకరింపు ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు. టర్కీలోని అంకారాలో బస్సు డ్రైవర్లను పలకరించి, ధన్యవాదం చెప్పి దిగిన ప్రయాణికుల మీద జరిగిన అధ్యయనం కూడా, అంత చిన్న మాట ప్రయాణికుడి మనసుకే మేలు చేస్తుందని చూపింది.

అప్పు వేరు, కృతజ్ఞత వేరు

మేలు పొందినప్పుడు మనసులో రెండు రకాల భావాలు పుడతాయి. పైకి ఒకేలా కనిపించినా అవి ఒకటి కావు. మన పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం ఉంటుంది. ఎవరు ఎంత చదివించారో పేరు పేరునా రాసి, రేపు వారింటి శుభకార్యంలో అంతకు తగ్గకుండా తిరిగి చదివిస్తారు. పెద్ద ఖర్చు నెత్తిన పడ్డ ఇంటికి ఊరంతా కలిసి ఊతమిచ్చే తెలివైన ఏర్పాటు అది. కానీ ఆ పుస్తకం నడిపేది బాకీ. బాకీ తీర్చగానే మనసు తేలికపడుతుంది.

2006లో ఫిలిప్ వాట్కిన్స్ బృందం ఈ రెండింటినీ విడదీసి చూసింది. సాయం చేసినవారు తిరిగి ఆశిస్తున్నారని ఎంత ఎక్కువగా అనిపిస్తే, పొందినవారిలో రుణభారం అంత పెరిగింది, కృతజ్ఞత అంత తగ్గింది. అదే ఏడాది మోనికా బార్ట్‌లెట్, డేవిడ్ డిస్టెనో మరో ప్రయోగం ప్రచురించారు. కంప్యూటరు మీద విసుగు పుట్టించే పనిని చివరిదాకా చేసినవారికి, సరిగ్గా అప్పుడే తెర ఆగిపోయేలా చేశారు. పక్కనున్న మనిషి ఓపిగ్గా వైరు వెతికి సరిచేశాడు. అతను పరిశోధకుల మనిషే. తర్వాత ఒక శ్రమతో కూడిన పనిలో సాయం అడిగితే, మేలు పొందినవారు ఆ మనిషికే కాక పూర్తిగా కొత్తవారికి కూడా ఎక్కువసేపు సాయం చేశారు. బాకీ అయితే ఇచ్చినవారికే తీర్చాలి. కృతజ్ఞత ముందుకు పోతుంది. చలివేంద్రం దగ్గర తాగినవారు ఆ బాకీ తీర్చలేరు. అందుకే అది ఇంకెవరి దాహం దగ్గరో తీరుతుంది.

చూసినా చాలు, మనసు లేస్తుంది

మేలు మనకే జరగనక్కరలేదు. ఎవరికో ఎవరో చేస్తుండగా చూసినా, విన్నా గుండెలో వెచ్చగా అనిపిస్తుంది, గొంతు పూడుకుపోతుంది, మనమూ ఏదైనా చేయాలనిపిస్తుంది. జొనాథన్ హైట్ 2000లో ఈ భావాన్ని ప్రత్యేకంగా గుర్తించి పరిశోధన మొదలుపెట్టాడు. 2008లో జెన్నిఫర్ సిల్వర్స్‌తో కలిసి అతను చేసిన ప్రయోగం ఆసక్తికరమైనది. పాలిచ్చే తల్లులకు రెండు రకాల వీడియోలు చూపించారు. ఉదాత్తమైన కథ చూసినవారిలో, నవ్వించే వీడియో చూసినవారికన్నా ఎక్కువమందికి పాలు స్రవించడం లేదా బిడ్డకు పాలివ్వడం కనిపించింది. పాలు రావడంలో ఆక్సిటోసిన్ హార్మోను పాత్ర ఉంది. పరులు చేసిన మంచిని చూడటం ఒంటినీ కదిలిస్తుందనడానికి ఇదొక సూచన.

2015లో గ్లెన్ ఫాక్స్, ఆంటోనియో డమాసియో తదితరులు నాజీల మారణకాండ నుంచి బయటపడినవారి వాంగ్మూలాల నుంచి కొన్ని ఘట్టాలు తీసుకున్నారు. ఆకలితో, చలితో ఉన్నవారికి ఎవరో అన్నం పెట్టిన, దుస్తులిచ్చిన, దాచి కాపాడిన ఘట్టాలవి. ఆ స్థితిలో తామే ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోమని పాఠకులకు చెప్పి, మెదడును స్కాన్ చేశారు. కృతజ్ఞత ఎంత గాఢంగా కలిగితే, నుదుటి వెనకనున్న మెదడు భాగంలోనూ దానికి దగ్గరలోని యాంటీరియర్ సింగ్యులేట్ భాగంలోనూ చురుకుదనం అంత పెరిగింది. ఇతరుల మనసును అర్థం చేసుకోవడంలో, మంచిచెడ్డలు తూకం వేయడంలో పాలుపంచుకునే ప్రాంతాలివి.

అలాంటి స్ఫూర్తి కోసం మనం దూరం వెళ్ళనక్కరలేదు. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళ కాని వేళలో కూడా వండి పెట్టింది. కులం, ఊరు అడగలేదు. ఆమె పేరు గన్నవరం అక్విడక్టుకు పెట్టారు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజన పథకం ఆమె పేరుతో నడుస్తోంది. ఆమె అన్నం తిన్నవారెవరూ ఇప్పుడు లేరు. ఆ కథ విని ఇవాళ మరొకరికి అన్నం పెట్టేవారు ఉన్నారు.

ఆయుష్షుకూ లెక్క ఉంది

ఈ చిన్న చిన్న పోగులన్నీ కలిసి అల్లేదే మనిషి చుట్టూ ఉండే బంధాల వల. జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్ బృందం 2010లో 148 అధ్యయనాలను, మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి విశ్లేషించింది. గట్టి సామాజిక బంధాలు ఉన్నవారు, అధ్యయన కాలం ముగిసేసరికి బతికి ఉండే అవకాశం మిగతావారికన్నా 50 శాతం ఎక్కువ. పొగతాగడం మానడం వల్ల కలిగే మేలుతో పోల్చదగినంత పెద్ద తేడా ఇది. 1938లో హార్వర్డ్‌లో మొదలై తరాలు మారినా సాగుతున్న అధ్యయనం చెప్పేదీ ఇదే దారిలో ఉంది. నడివయసులో బంధాలు తృప్తిగా ఉన్నవారు ముసలితనంలో ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారు.

దండం పెట్టి సరిపెట్టకూడదు

కృతజ్ఞత గురించి మాట్లాడేటప్పుడు ఒక హెచ్చరిక మరిచిపోకూడదు. 'ఉన్నదానికి సంతోషించు' అన్న మాటను బలవంతులు బలహీనుల నోరు మూయించడానికి వాడుతూ వచ్చారు. దెబ్బలు తినే భార్యకు, కూలి ఎగ్గొట్టబడిన మనిషికి కృతజ్ఞత బోధించడం క్రూరత్వం. తెల్లవారుజామున వీధి ఊడ్చే కార్మికురాలికి పూలదండ వేసి ఫోటో దిగితే సరిపోదు. ఆమెకు వేళకు జీతం, చేతులకు గ్లవ్స్, జబ్బు చేస్తే సెలవు కావాలి. ఇంట్లో ఇల్లాలి శ్రమను పొగడటంతో ఆగకుండా, ఆ శ్రమలో సగం పంచుకోవాలి. మేలును గుర్తించిన మనసు న్యాయం వైపు కూడా నడవాలి.

చట్టం కూడా ఇందులో భాగమే. రోడ్డు మీద పడి ఉన్న క్షతగాత్రుడిని ఆస్పత్రికి చేరిస్తే పోలీసు కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం చాలాకాలం మనవారిని ఆపింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ, సదుద్దేశంతో సాయం చేసినవారికి సివిల్, క్రిమినల్ చర్యల నుంచి రక్షణ కల్పించింది. సాయపడేవారికి తమ పేరు, వివరాలు చెప్పమని ఒత్తిడి ఉండకూడదని ఆ చట్టం కింద చేసిన నిబంధనలు చెప్పాయి. ఈ సంగతి తెలిసిన ప్రతి మనిషీ ఒక ప్రాణం కాపాడే అవకాశం ఉన్న మనిషే. పదిమందికీ తెలియజేయడం మన బాధ్యత.

ఈ వారం చేయగలిగింది

2005లో మార్టిన్ సెలిగ్మన్ బృందం కొన్ని అభ్యాసాలను పరీక్షించింది. తమకు ఎంతో మేలు చేసినా సరిగ్గా కృతజ్ఞత చెప్పని ఒకరికి ఉత్తరం రాసి, స్వయంగా వెళ్ళి ఇవ్వడం వాటిలో ఒకటి. వెంటనే కలిగిన సంతోషం విషయంలో అన్నిటికన్నా ముందు నిలిచింది ఇదే. దాని ప్రభావం నెల వరకు కనిపించింది. మరి ఇంత మంచి పని మనమెందుకు చేయం? 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ జవాబు వెతికారు. కృతజ్ఞత ఉత్తరం రాసేవారు రెండు పొరపాట్లు చేస్తారు. అందుకునేవారి ఆశ్చర్యాన్ని, ఆనందాన్ని తక్కువగా ఊహిస్తారు. వారు ఇబ్బంది పడతారేమోనని ఎక్కువగా భయపడతారు. మాటలు సరిగా కుదరలేదని రాసేవారు బెంగపడితే, చదివినవారు చూసింది అందులోని ప్రేమనే.

మనకు లెక్కలు నేర్పిన మాస్టారు, ఊరు కాని ఊళ్ళో గది దొరికేవరకు తమ ఇంట్లో ఉంచుకున్న స్నేహితుడి తల్లిదండ్రులు, ఆస్పత్రిలో రాత్రంతా తోడున్న పక్కింటి పిన్ని. మనలో ప్రతి ఒక్కరికీ ఇలాంటి పేరు ఒకటి ఉంటుంది. సెప్టెంబరు 5 రాకున్నా, పండగ లేకున్నా, ఈ వారమే వారికి ఫోను చేయండి. వీలైతే వెళ్ళి కలవండి. ఏం చేశారో, అది మీ జీవితాన్ని ఎటు తిప్పిందో వివరంగా చెప్పండి. పెద్ద మాటలు వద్దు, జరిగింది చెబితే చాలు. వారు బతికి ఉండగా చెప్పండి.

మనసు మేలుకు తక్కువ వెల కడుతుందని ఇన్ని ప్రయోగాలు చూపించాయి. కాబట్టి చేయనా వద్దా, చెప్పనా వద్దా అని సందేహం వచ్చినప్పుడు ఆ సందేహాన్నే అనుమానించాలి. 'ఇది చిన్నదే కదా' అనిపించిన ప్రతిసారీ, మనకు తెలియని వైపు అది పెద్దదై ఉండే అవకాశమే ఎక్కువ. తప్పు ఎటువైపు జరుగుతోందో తెలిసిపోయింది. ఇక ఆ తప్పును మోస్తూ ఉండవలసిన అవసరం లేదు.